ప్రళయకావేరి యొడ్డున పాతరేవు



నెల్లూరి సీమకు దక్షిణపు కొనయందు, నేలకును సముద్రమునకును నడుమ, ఒక గొప్ప ఉప్పునీటి సరస్సు కలదు. మన పూర్వులు దానికి ప్రళయకావేరి యని పేరిడిరి. భూగోళ గ్రంథములలో అది పులికాటు సరస్సు. ఉప్పునీరును మంచినీరును కలసి నిలుచు సరస్సులలో ఒడిస్సాలోని చిలుక సరస్సు తరువాత మన దేశమున ఇంత పెద్దది వేరొకటి లేదు. నీరు నిండినప్పుడు దీని వైశాల్యము సుమారు 450 చదరపు కిలోమీటర్లు. ఇందులో పెద్దభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొన తమిళనాటను చేరియున్నవి. తూర్పున శ్రీహరికోట దీవి గట్టువలె నిలిచి, సముద్రమును సరస్సులోనికి చొరకుండ ఆపుచున్నది. 1971వ సంవత్సరము మొదలు ఆకాశమునకు రాకెట్లను పంపుచున్న శ్రీహరికోట ఇదియే.

ఆ సరస్సు దక్షిణపు కొనయందు, చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, ఒక చిన్న పట్టణము కలదు. తమిళులు దానిని పళవేర్కాడందురు; ఐరోపావారు పులికాట్ అనిరి. నేడు చూచువారికది చేపల బేరము జరుగు పల్లెగా తోచును. కాని 17వ శతాబ్దమున జావా ద్వీపము మొదలు హాలెండు వరకు ఆ పేరెరుగని వర్తకుడు లేడు. ఆ రేవు ఎట్లు పుట్టినది, దేనివలన బ్రతికినది, ఏల క్షీణించినది అను సంగతులను నేడు మీకు మనవి చేయదలచితిని. అచ్చటికి పోవువారందరును కోటను, గోరీలను చూచి తిరిగివత్తురు. ఆ రేవును నిజముగా నిలిపినవారి గురుతులు ఆ రెంటిలోను కానరావు. వానిని వేరుచోట వెదకవలయును.

గత మాఘమాసమున నేను, నా భార్య, కుమారుడు, కోడలు, మనుమలిద్దరును కలసి అచ్చటికి పోయితిమి. సూళ్లూరుపేట నుండి తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా మార్గము. పొన్నేరి దాటిన పిదప తూర్పునకు తిరిగి పోగా పోగా గాలిలో ఉప్పువాసన తగిలెను. ఊరు చేరునప్పటికి ప్రొద్దు ఇంకను ఎక్కలేదు. ఒడ్డున పడవలు వరుసగా నుండెను. ఆడువారు బుట్టలలో రొయ్యలను, పీతలను పెట్టుకొని బేరమాడుచుండిరి. దూరమున నీటిలో తెల్లని గీతవలె రాజహంసలు నిలిచియుండెను.

నా మనుమనికి పండ్రెండేండ్లు. ఓడలరేవని విని వచ్చినవాడగుటచే వాడు నాలుగు ప్రక్కలను చూచి, “తాతయ్యా, ఓడలు నిలిచిన చోటెక్కడ?” అని యడిగెను.

మేము మాటలాడుకొన్న పడవవాడు తమిళుడైనను మన భాష చక్కగా తెలిసినవాడు. ఆ సరస్సు చుట్టును రెండు భాషలును కలసియే వినబడును. అతడు నవ్వి, “బాబూ, పెద్ద యోడ లీ నీటిలోనికి ఎన్నడును రాలేదు. ఇక్కడ చాలచోట్ల నీ నడుము లోతు మించదు. ఓడలు అదిగో, ఆ ఇసుకదిబ్బకు ఆవల సముద్రములో నిలుచును. ఇక్కడినుండి సరకు పోయినది మా పడవలలోనే” అనెను.

ఆ యొక్క మాటలో రేవు కథ యంతయు నిమిడియున్నది. దానిని కొంచెము విప్పి చెప్పెదను.

మన తూర్పుతీరము పొడవునను సముద్రము తెరచియే యుండును. కొండ చాటు గాని, లోతైన కయ్య గాని మిక్కిలి అరుదు. కెరటములు ఒడ్డునకు చాల దూరముననే విరుగును. అందుచేత పూర్వపు ఓడలు ఒడ్డునకు రాలేక, లోతున్నచోట లంగరు వేసి నిలిచెడివి. సరకును చిన్న పడవలలో కెరటములమీదుగా చేరవేయవలెను. మూట తడిసినను, పడవ తిరగబడినను నష్టము. ఇట్టి తీరమున ఇసుకగట్టు వెనుక నిశ్చలమైన నీరున్న సరస్సొకటి, దానినుండి సముద్రములోనికి ఒక దారియు దొరకినయెడల వర్తకునకు అంతకంటె భాగ్యమేమున్నది? లోనాటినుండి వచ్చు బట్టల మూటలను సరస్సు ఒడ్డున పడవల కెక్కించి, ఆ దారి వెంట ఓడలకు చేర్పవచ్చును. తుపానుల నెలలలో పడవలకు సరస్సే దాపరము.

సరస్సునకును సముద్రమునకును గల ఆ దారిని మనవారు మొగ యందురు. మన ఊరి చెరువునకు తూమెట్టిదో ఈ సరస్సునకు మొగ అట్టిది. అయితే తూమును తెరచుటకు, మూయుటకు మనిషి యుండును. మొగను తెరచుచు మూయుచు నుండునవి నదియు సముద్రమును. దక్షిణమున ఆరణి యేరు, పడమట కాళంగి, ఉత్తరమున స్వర్ణముఖి పాయ యీ సరస్సునకు నీరు తెచ్చును. ఆశ్వయుజ కార్తికములందు ఈశాన్యపు వానలు కురియగా సరస్సు నిండి, నీరు సముద్రమువైపు త్రోసికొనిపోయి, మొగలోని ఇసుకను కడిగివేయును. ఎండకాలమున నదులు ఎండును. అప్పుడు కెరటములు తీరము వెంట మోసికొనివచ్చు ఇసుక మొగకు అడ్డుగా పేరుకొనును. ప్రవాహము బలముగా నున్నంతకాలము మొగ నిలుచును. ప్రవాహము తగ్గినయెడల ఇసుక గెలుచును. మనుష్యులు ఎన్ని కోటలు కట్టినను ఈ రెంటి పోరాటమే ఆ రేవునకు విధాత.

ఈ సదుపాయమును మొదట కనుగొన్నవారు ఐరోపావారు కారు. విజయనగర రాజ్యకాలముననే అది పేరుగల రేవు. తమిళ ముస్లిం వర్తకులు, తెలుగు వర్తకులు అచ్చటినుండి తూర్పు ద్వీపములకు బట్టలను పంపుచుండిరి. 16వ శతాబ్దమున బుడతకీచులు వచ్చి చేరిరి. ఆ పిమ్మట వచ్చినవారు డచ్చివారు, అనగా మన పెద్దలు వలందావారని పిలిచినవారు. బందరులో వలందపాలెమను పేరు నేటికిని వారిదే. వారు 1605లో బందరునను, 1606లో నిజాంపట్నమునను వర్తకశాలలు పెట్టిరి. 1610లో ఆరవీటి వేంకటపతిరాయల అనుమతి పొంది పళవేర్కాటిలో దిగిరి. 1612లో మైలాపూరునుండి బుడతకీచులు వచ్చిపడి వారి వర్తకశాలను ధ్వంసము చేసిరి. అందుచే 1613లో అచ్చట కోట కట్టబడెను. హాలెండు దేశములోని తమ అధికారి స్వస్థల ప్రాంతము పేరిట దానికి గెల్డ్రియా కోట యని నామకరణము చేసిరి. ఇంచుమించు ఎనుబది యేండ్లు తూర్పుతీరమునందలి డచ్చి వర్తకమున కంతటికిని అదియే ముఖ్యస్థానమైయుండెను. అచ్చట నాణెములు ముద్రించిరి, తుపాకిమందు తయారుచేయించిరి.

ఇంత దూరమువచ్చి, ఇంత వ్యయపడి వారు కోరినదేమి? జాజికాయ, జాపత్రి, లవంగము. ఇవి మన నేలలో పుట్టినవి కావు; తూర్పున మలక్కా దాటి యెంతో దూరమున నున్న చిన్న దీవులలో పుట్టినవి. ఆ దీవులవారికి వెండి బంగారములకంటె మన బట్టలమీద ఆశ యెక్కువ. మన గళ్లబట్టయు, అద్దకపు బట్టయు ఇచ్చిన గాని వారు జాజికాయ ఇచ్చువారు కారు. కావున డచ్చివారు వెండి బంగారములను ఇచ్చటికి తెచ్చి, బట్ట కొని, ఆ బట్టను దీవులకు కొనిపోయి, మసాలా దినుసులను తమ దేశమునకు పంపుకొనిరి. ఈ తీరము ఆ దీవులకు ఎడమచేయివంటిదని వారి యధికారియగు హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే గుర్తించెను.

ఆ బట్ట కోటలో పుట్టలేదు. లోనాటి పల్లెలలో ఆడువారు వడికిన నూలు, సాలెవారి గుంటమగ్గములు, చిరివేరుతో ఎఱుపెక్కించిన అద్దకపువారి చేతులు దానిని పుట్టించినవి. వర్తకులు ముందుగా సొమ్మిచ్చి పని చేయించుకొనెడివారు. బట్ట మాదిరికి తక్కువైనదన్నచో ధర తగ్గించెడివారు. కరవు వచ్చి బియ్యము ధర పెరిగినపుడు ముందు తీసికొన్న సొమ్ము తిండికే చెల్లిపోవును. మగ్గమునకు నూలు మిగులదు. ఈ నడిమి వ్యవహారమున మన తెలుగువారగు బలిజ వర్తకులు పేరుపొందిరి. వారిలో అచ్యుతప్ప, ఆయన తమ్ముడు చిన్నన్న ముఖ్యులు. వారు డచ్చివారికి బట్ట సమకూర్చి, తాము స్వయముగా ఓడలు నడిపి, నాయకులకును కంపెనీకిని నడుమ రాయబారములు జరిపిరి. ఆ యూరి పేరు గళ్లలుంగీల పేరులో తమిళదేశమున ఇంకను నిలిచియున్నది.

ఇక మేము చూచినదానిని చెప్పెదను. కోట యున్నచోట నేడు గోడలు లేవు. 19వ శతాబ్దపు తొలియేండ్లలో ఆంగ్లేయులు దానిని పడగొట్టిరి. మిగిలినవి ముండ్లపొదలు కప్పిన దిబ్బయు, చుట్టును కందకము జాడయు మాత్రమే. దానికి ఎదురుగనే డచ్చివారి గోరీల తోట కలదు. పురావస్తుశాఖవారు దానిని కాపాడుచున్నారు. ద్వారమునకు ఇరుప్రక్కల చెక్కిన అస్థిపంజరములను చూచి నా మనుమరాలు నాయనమ్మ కొంగు పట్టుకొనెను. మృత్యువు నెవ్వరును తప్పించుకొనలేరని జ్ఞాపకము చేయుటకు ఆ కాలపు ఐరోపావారు ఇట్టి బొమ్మలు చెక్కించెడివారని చెప్పి ఊరడించితిని. లోపల పెద్ద పెద్ద నల్లరాళ్లు. వానిమీద వంశచిహ్నములు, లతలు, లోతుగా చెక్కిన డచ్చి యక్షరములు. మూడువందల యేండ్లు దాటినను పేరు, తేదీ స్పష్టముగా చదువనగును.

మా కోడలు ఆ రాళ్లన్నియు చూచి, “మామయ్యగారూ, ఇచ్చట మనవారి పేరొక్కటియు లేదే?” అనెను.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పదు. ఈ రేవునుండి పోయినవి బట్టల మూటలు మాత్రమే కావు. 17వ శతాబ్దమున వానలు తప్పి కరవులు వచ్చినపుడు, తిండి లేక తమ్ము తాము, తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని డచ్చి కంపెనీవారు కొని, ఓడల కెక్కించి బటావియాకును, జాజికాయ తోటలుగల బాండా దీవులకును బానిసలుగా పంపిరి. బటావియా యనగా నేటి జకార్తా. అట్లు ఈ తీరమునుండి పోయినవారు వేలకొలది. కొనినవారు పరదేశులే, కాని పట్టితెచ్చి అమ్మినవారిలో మన దేశపు దళారులును కలరు. నిజము చెప్పునప్పుడు రెండును చెప్పవలయును. పోయినవారిలో తిరిగివచ్చినవా రెవరున్నారు? వారికి రాయి లేదు, పేరు లేదు. ఓడ యధికారికి హాలెండు పద్ధతిని చెక్కిన గోరీ యున్నది. వాని యోడలోని మనిషికి ఒక గురుతైనను లేదు. ఈ మాట పిల్లలకు చెప్పవచ్చునా యని నా భార్య సందేహించినది. చెప్పవలసినదే యని నా కుమారుడు పట్టుపట్టెను. మేము చెప్పితిమి. వారు చాలసేపు మాటలాడక నడచిరి.

రేవు క్షీణించుట ఒక్కనాడు జరిగినది కాదు. ఆంగ్లేయులు 1621లో పళవేర్కాటిలో చేరి, డచ్చివారి ప్రక్కన నిలువలేక కొలది యేండ్లలో పోయిరి. 1626లో సరస్సునకు ఉత్తరముగా దుగరాజపట్నమున వర్తకశాల పెట్టిరి. అదియు వారికి కలసిరాలేదు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని యొద్ద అనుమతి పొంది, మరుసటి సంవత్సరము చెన్నపట్టణమున కోట మొదలిడిరి. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరే ఆ పట్టణమునకు వచ్చినది. సాలెవారు, వర్తకులు క్రమముగా అటు తరలిరి. లోనాట యుద్ధములు పెరిగెను. 1690లో డచ్చివారు తమ ముఖ్యస్థానమును నాగపట్టణమునకు మార్చుకొనిరి. 1781లో నాగపట్టణము ఆంగ్లేయుల పాలుకాగా మరల పళవేర్కాడే వారికి దిక్కైనది గాని పూర్వపు వైభవము రాలేదు. తుదకు 1824 నాటి సంధి ప్రకారము 1825లో దానిని ఆంగ్లేయులకు విడిచిపోయిరి. అప్పటికే సీమ యంత్రపు బట్ట మన మగ్గములను మాన్పించుచుండెను. ఓడలు పెద్దవగుచుండెను, మొగ మేట వేయుచుండెను. బట్టయు, మొగయు రెండును సన్నగిల్లినపుడు కోట యుండి ఏమి లాభము?

అటుపిమ్మట సరస్సున మరియొక పడవల కాలము నడచినది. మీలో కొందరి తండ్రులు, తాతలు బకింగ్‌హాం కాలువ మీద ప్రయాణము చేసినవారై యుందురు. 1876 మొదలు 1878 వరకు గడచిన గొప్ప కరవులో కూలి పనిగా ఆ కాలువలో కొంతభాగము త్రవ్వబడెను. అది ఈ సరస్సు మీదుగనే చెన్నపట్టణమునకు పోవును. పూర్వపు కరవులో మనుష్యులు ఓడ కెక్కింపబడిన యొడ్డుననే, ఈ కరవులో మనుష్యులు పార పట్టి కూలి తిని కొందరైన బ్రతికిరి. రైలు, లారీలు వచ్చిన పిదప ఆ పడవలును ఆగిపోయినవి.

మిగిలినవాడు బెస్తవాడు. అతని సంగతి చెప్పక ఈ ప్రసంగము ముగించరాదు. సముద్రములో పుట్టిన రొయ్యపిల్ల మొగద్వారా సరస్సులోనికి వచ్చి, నిశ్చలమైన నీటిలో పెరిగి, మరల సముద్రమునకు పోవును. కొన్ని చేపల తీరును అట్టిదే. మొగ మూసికొనెనా, రొయ్య లోనికి రాదు, సరస్సులోని నీరు ఎండకు ఇగిరి సముద్రముకంటె ఉప్పగును, వల వట్టిదగును. తమిళనాటి వైపున నున్న మొగ మేట వేయుచుండును. మనవైపు రాయదొరువు, కొండూరుపాలెము మొగలకును ఇదే బాధ. ఎగువ నదులలో నీరు తగ్గుట ఒక కారణము. తీరమున కట్టు రాతిగట్లు ఇసుక నడకను మార్చుటయు ఒక కారణము. నాలుగువందల యేండ్ల క్రిందట రేవును బ్రతికించిన మొగయే నేడు బెస్తవాని కుండను నింపుచున్నది.

మా పడవవాడు తమ యూరి కట్టుబాటొకటి చెప్పెను. వల కట్టుటకు మంచిచోట్లు కొన్నియే యుండును. వానికై కలహము రాకుండ చీట్లు వేసి, ఎవరి వంతు ఏ దినమున ఏ చోటనో నిర్ణయించుకొందురు. దానిని పాడు అందురు. బలవంతుడని ఒకనికి ఎల్లప్పుడును మంచిచోటు దక్కదు. బీదవాడని ఒకనికి ఎల్లప్పుడును తప్పిపోదు. చెరువునీటి వంతులను నడపిన పెద్దలకు ఈ న్యాయము క్రొత్తగా చెప్పనక్కరలేదు. కోట దిబ్బయైనను ఈ కట్టుబాటు నిలిచియుండుట చూచి నాకు సంతోషము కలిగెను.

పెద్దలారా, మీరు పిల్లలతో అచ్చటికి పోదలచినయెడల మార్గశిరము మొదలు మాఘము వరకు మంచికాలము. నీరును, పక్షులును నిండుగా నుండును. ఉదయమే చేరుడు. మొదట కోటకు గాని గోరీలకు గాని పోకుడు. ఒడ్డునకు పోయి, పడవవాని నడిగి మొగ ఎటున్నదో చూచి, ఆ నీటి మర్మమును పిల్లలకు చెప్పుడు. తరువాత బట్ట నేసినవారి మాట, ఓడ కెక్కింపబడినవారి మాట చెప్పుడు. అప్పుడు గోరీల తోటలోనికి తీసికొనిపోయినచో ఆ రాళ్లమీద వ్రాసినదియు, వ్రాయనిదియు రెండును వారికి తెలియును.

అంత దూరము పోలేనివారు తమ ఊరిలోనే ఈ పని చేయవచ్చును. ఏ ఊరనైనను ఒక సాలెవీధి, ఒక పాత పడవలరేవు, ఒక పూడిన కాలువ, చెరువుగట్టున ఒక శాసనపు రాయి యుండును. ఆ రాయిని గోడకు వాడుకొననీయకుడు. అచ్చట ఎవరు పనిచేసిరో, ఏమి చేసిరో మీకు తెలిసినంత పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయించి యుంచుడు. ఆ పేర్లు తెలిసినవారు మీరే. మీ తరువాత వానిని చెప్పువారుండరు.